బండి ఎంతకు పోతుందని అడగొద్దు

మీ పాత కారు ఇప్పుడు అమ్మితే ఎంత వస్తుందో ఎవర్నీ అడగకండి. ఎవరైనా వాళ్లంతట వాళ్లే చెప్పబోతే మాట మార్చండి. నంబరు కొడితే ధర చూపించే యాప్ ఫోన్లో ఉంటే తీసేయండి. రిపేరు ఖర్చులతో సతమతమయ్యేవాళ్లకు నేను చెప్పే మొదటి సలహా ఇదే. మిగిలినవన్నీ దీని వెనక నడిచేవే.

నాది 1997 ఆగస్టులో కొన్న మారుతి 800. తెల్లది, కార్బరేటర్ బండి, ఏపీ 07 నంబరు. అప్పట్లో నేను తెనాలి దగ్గర ఒక హైస్కూల్లో లెక్కల మాస్టార్ని. పీఎఫ్ మీద అప్పు తీసి, మా నాన్న రెండు గేదెలమ్మి ఇచ్చిన డబ్బు కలిపి కొన్నాను. ఇరవై ఏళ్లపాటు దాని ధర సంగతే నాకు పట్టలేదు. ఒకసారి క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మూడూ మార్చాల్సి వచ్చి 5,800 అయింది. అరిగింది, వేయించాను, అంతే అనుకుని ఇంటికొచ్చాను. ఆ మర్నాడే పక్కింటాయన, ‘మాస్టారూ, మీ బండి ఇప్పుడు మహా అయితే ముప్పై వేలు’ అన్నాడు. ఆ క్షణం నుంచి నా 5,800 క్లచ్ ఖర్చు కాకుండా పోయింది. బండి ధరలో దాదాపు ఐదో వంతు అయి కూర్చుంది. క్లచ్ మారలేదు, బండి మారలేదు, నా చూపు మారింది.

లెక్కలు చెప్పి బతికినవాణ్ణి గనక ఈ మాట గట్టిగా చెప్పగలను. పోల్చకూడని రెండు అంకెల్ని పక్కపక్కన పెడితే, భాగహారం ఎంత సరిగ్గా చేసినా జవాబు పనికిరాదు. ముప్పై వేలు అనేది బండి వదులుకునేవాడికి వచ్చే డబ్బు. 5,800 బండి ఉంచుకునేవాడు పెట్టే డబ్బు. నేను అమ్మేవాణ్ణి కానప్పుడు ఆ ముప్పై వేలు నాకు సంబంధించిన అంకె కాదు. పాత ఇంటికి తలుపు చెక్క పుచ్చితే మార్పిస్తాం గానీ, స్థలం ధర తీసేస్తే ఈ ఇల్లు ఎంత చేస్తుందని ఎవరూ అడగరు. ఒంగోలు గిత్తకు గాళ్లొస్తే సంతలో దాని రేటు కనుక్కుని కాదు కదా మందు పోసేది!

ఇన్సూరెన్సు విషయంలోనూ ఇదే పద్ధతి పాటించండి. బండి విలువని కంపెనీలు ఒకటి రాస్తాయి. ఆరు నెలలు నిండకుండానే 5 శాతం తీసేసి, నాలుగేళ్లు దాటి ఐదో ఏడు నడిచేసరికి సగానికి దించుతాయి. ఐదేళ్లు దాటాక ఆ విలువ మీరూ కంపెనీ కలిసి అనుకున్నంత. రిపేరు ఖర్చు ఆ విలువలో 75 శాతం దాటితే బండి పూర్తిగా పోయినట్టే లెక్క కడతారు. అంటే మీ బండికి ఎవరో చిన్న దెబ్బ తగిలించినా, కాగితం మీద అది చచ్చిపోవచ్చు. అందుకని నేను పదిహేనేళ్లు దాటాక థర్డ్ పార్టీ ఒక్కటే కడుతున్నాను. 1000 సీసీ లోపు కార్లకు 2022 జూన్ నుంచి పెట్టిన రేటు 2,094 రూపాయలు, పైన జీఎస్టీ. నడిపేవాడి ప్రాణానికి ఉండే 15 లక్షల కవరు మాత్రం వదలకండి, అది బండి కోసం కాదు, ఇంట్లోవాళ్ల కోసం. మిగిలే డబ్బు షెడ్డుకు పనికొస్తుంది. రేపు దొంగ ఎత్తుకుపోతే ఏంటని మా అల్లుడు అడిగాడు. ఎత్తుకుపోతే పోతుంది. దానికి బదులుగా ఇంకో బండి కొనుక్కోమని ఎవరో చెక్కు ఇస్తే నాకు ఊరట కలగదు.

బిల్లులు దాచండి, కూడకండి

ప్రతి రిపేరు బిల్లూ దాచాలి. ఏ తేదీన ఏ సామాను వేశారో, ఎన్ని కిలోమీటర్ల దగ్గర వేశారో దాని మీద రాసుకోవాలి. మళ్లీ ఎప్పుడు మార్చాలో తెలియాలంటే అవి ఉండి తీరాలి. కానీ వాటిని ఎన్నడూ మొత్తం కట్టకండి. ఏడాదికోసారి కూడా వద్దు.

మా అబ్బాయి 2019 సంక్రాంతికి వచ్చినప్పుడు నా బిల్లుల సంచి తీసి, ఐదేళ్లవి లాప్‌టాప్‌లో ఎక్కించి, 1,43,600 అని తేల్చాడు. వాడి ఉద్దేశం మంచిదే. ‘ఈ డబ్బుతో కొత్త బండికి డౌన్ పేమెంట్ కట్టేవాళ్లం నాన్నా’ అన్నాడు. నేను ఏమీ అనలేదు. పండగ అయిపోయింది, వాడు హైదరాబాద్ వెళ్లిపోయాడు, ఆ అంకె మాత్రం నాతో ఉండిపోయింది. అప్పట్నుంచి నాలుగు నెలలు ఏ రిపేరు చెప్పినా ‘ఇప్పుడు కాదు, తర్వాత చూద్దాం’ అన్నాను. అంత మొత్తం పెట్టినవాడికి ఇంకా పెట్టడానికి చెయ్యి రాలేదు.

ఆ నాలుగు నెలల్లో వాయిదా వేసినవాటిలో రేడియేటర్ హోసు ఒకటి. మెకానిక్ దాన్ని వేళ్లతో నొక్కి చూపించాడు. రబ్బరు బెండులా గట్టిపడింది, క్లిప్పు దగ్గర వెంట్రుకవాసి పగులు. కొత్తది మూడొందల లోపే. మే నెల మిట్టమధ్యాహ్నం గుంటూరు నుంచి వస్తుంటే నారాకోడూరు దాటాక ఆ పగులు విచ్చుకుంది. కూలెంటు రోడ్డు పాలైంది. టెంపరేచర్ ముల్లు ఎర్రగీత తాకేదాకా నేను చూసుకోలేదు. చూసుకున్నాకైనా వెంటనే ఆపానా అంటే, ముందు చెట్టు కనపడితే నీడలో ఆపుదామని ఇంకో కిలోమీటరు లాగాను. ఆ ఒక్క కిలోమీటరూ ప్రాణం తీసింది. ఇంజిన్ హెడ్ అల్యూమినియంది. వేడి మితిమీరితే వంకర పోతుంది. వంకర పోయిన హెడ్డుకీ బ్లాకుకీ మధ్య గ్యాస్కెట్ కాలిపోతుంది. అప్పుడు నీళ్లూ ఆయిలూ కలిసిపోతాయి. షెడ్డులో ఆయిల్ పుల్ల బయటికి లాగితే నల్లగా రావాల్సింది పాల టీ రంగులో వచ్చింది. హెడ్డు దించి, లేతుకు పంపి ఫేసింగు పట్టించి, గ్యాస్కెట్ సెట్టు, వాల్వు సీళ్లు, కొత్త ఆయిలు, కూలెంటు, మూడు రోజుల కూలి. మొత్తం 14,200 అయింది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నాను.

ఆ తప్పు హోసుది కాదు, ఎండది కాదు. 1,43,600 అనే అంకెది. దాన్ని అరవై నెలలకు పంచితే నెలకు 2,400 కూడా పడదు. ఆ చిన్న భాగహారం చేసుకోవడానికే నాకు హెడ్డు కాలేదాకా పట్టింది. మొత్తం చూస్తే మనసు కుంచించుకుపోతుంది, కుంచించుకుపోయిన మనసు హోసు దగ్గర మిగులుస్తుంది. అందుకే దాచండి, కూడకండి.

దానికి బదులు బండి కోసం పోస్టాఫీసులో ఒక ఆర్‌డీ తెరవండి. నేను నెలకు 3,000 కడతాను. పోస్టాఫీసు ఆర్‌డీ గడువు ఐదేళ్లు. పదిహేనేళ్లు దాటిన సొంత కారుకు రిజిస్ట్రేషన్ పొడిగించేదీ ఐదేళ్లకోసారే. రెండూ ఒకే నెలలో మొదలుపెడితే ఒకే నెలలో తీరతాయి. చేతికొచ్చిన డబ్బులోంచి రిజిస్ట్రేషన్ ఖర్చు పోగా మిగిలింది పెద్ద పనులకు ఉంచి, మళ్లీ కొత్తది తెరుస్తాను. అది బండి డబ్బు. పెళ్లిళ్లొచ్చినా, పండగలొచ్చినా అందులోంచి తీయను. ఈ మాట మీద మా ఇంట్లో రెండుసార్లు గట్టి చర్చే జరిగింది.

చెడకముందే మార్చండి

చెడింది బాగు చేయించడం అందరూ చేసేదే. పాత బండికి అది చాలదు. బాగున్నదాన్ని మార్చాలి. ఇది చెబితే ‘డబ్బులు ఎక్కువయ్యాయా?’ అంటారు. అననివ్వండి.

టైమింగ్ బెల్టు చూడటానికి బాగానే ఉంటుంది. తెగే ముందు మూలగదు, చప్పుడు చేయదు. తెగితే బండి ఉన్నచోటే నిలిచిపోతుంది, కొన్ని రకాల ఇంజిన్లలో వాల్వులు వెళ్లి పిస్టన్లకు కొట్టుకుని వంగిపోతాయి. ఫ్యాన్ బెల్టు, హోసులు, క్లచ్ కేబులు, థర్మోస్టాటు, బ్రేకు సిలిండర్ల రబ్బరు కిట్లు, ఇవన్నీ కిలోమీటర్లతోనే కాదు, ఏళ్లతోనూ పోతాయి. షెడ్డులో కూర్చుని తిరగని బండికి కూడా రబ్బరు ముదురుతుంది. నేను హోసులు, బెల్టులు నాలుగేళ్లకోసారి కళ్లు మూసుకుని మారుస్తాను. తీసినవాటిలో బాగున్నది ఒకటి డిక్కీలో పడేసుకుంటాను. క్లచ్ కేబులు మాత్రం కొత్తదే పెట్టుకోండి. అది తెగితే పట్నంలో సిగ్నల్ దగ్గర మీ చేతిలో ఏమీ ఉండదు.

ఈమధ్య దీనికి ఇంకో కారణం తోడైంది. 2025 నాటికి మన బంకుల్లో పెట్రోలు 20 శాతం ఇథనాల్ కలిపి వస్తోంది. మా బండి తయారైనప్పుడు ఆ ఊహే లేదు. ఇథనాల్ పాత రబ్బరును మెత్తబరుస్తుంది, గాల్లో తేమను పీల్చుకుంటుంది. పెట్రోలు పైపులు, పంపు డయాఫ్రమ్, కార్బరేటర్ గ్యాస్కెట్లు ఇదివరకు ఎన్నేళ్లయినా ముట్టుకునేవాళ్లం కాదు. ఇప్పుడు ఏటా ఒకసారి విప్పించి చూస్తున్నాను. పైపు ఉబ్బినట్టు, జిగురుగా అనిపిస్తే ఆ రోజే మార్చండి, పెట్రోలు పైపు దగ్గర రేపు అనే మాట లేదు. బండిని నెలల తరబడి నిలబెట్టకండి. వారానికి రెండుసార్లయినా పదేసి కిలోమీటర్లు తిప్పండి. పని లేకపోయినా తిప్పండి. ఆ పెట్రోలు దండగని లెక్క వేసేవాళ్లకు ఒకసారి కార్బరేటర్ అడుగున చేరిన నీటిబొట్టూ తెల్లటి పొడీ చూపిస్తే చాలు.

బేరమాడకండి, రెండో షెడ్డుకు పోకండి

నాలుగు చోట్ల అడిగి తక్కువ చెప్పినవాడికి ఇవ్వమని తెలివైనవాళ్లంతా చెబుతారు. కొత్త బండి విషయంలో అది సరే. పాత బండి విషయంలో ఆ పని చేశారంటే మీకు మెకానిక్ ఉండడు, నలుగురు దుకాణదారులు మిగులుతారు.

మా మెకానిక్ నాకన్నా మూడేళ్లు చిన్న. ఇరవై ఆరేళ్లుగా ఈ బండి ఆయన చేతిలోనే ఉంది. స్క్రూడ్రైవర్ ఒక కొస ఆల్టర్నేటర్‌కు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని బేరింగ్ ఎన్నాళ్లు నడుస్తుందో చెబుతాడు. కార్బరేటర్ ట్యూనింగ్‌కు ఆయనకు మిషను అక్కర్లేదు. ఐడ్లింగ్ వింటూ మిక్చర్ స్క్రూను పావు చుట్టు అటూ ఇటూ తిప్పి, ఇంజిన్ తేటపడగానే చెయ్యి తీసేస్తాడు. మారుతి 800కి 2000 సంవత్సరంలో ఎంపీఎఫ్ఐ వచ్చింది, క్రమంగా స్కానర్లొచ్చాయి. ఇప్పుడు పనిలోకి వచ్చే కుర్రాళ్లు స్కానర్ పెట్టే చోటే వెతుక్కుంటారు. అది వాళ్ల తప్పు కాదు, వాళ్ల చేతికి కార్బరేటర్ రాలేదు. అలాంటప్పుడు ఈ విద్య తెలిసిన మనిషితో రెండొందల దగ్గర బేరం పెట్టుకోవడం ఎంత నష్టమో ఆలోచించండి.

2011లో ఒక రాత్రి రెండింటికి మా అమ్మకు గుండెలో నొప్పి వచ్చింది. గుంటూరు బయలుదేరితే అంగలకుదురు దగ్గర బండి ఆగిపోయింది. ఫోన్ చేశాను. ఇరవై నిమిషాల్లో ఆయన టీవీఎస్ మోపెడ్ మీద ఇగ్నిషన్ కాయిలు జేబులో వేసుకుని వచ్చాడు. టార్చిలైటు నోట కరుచుకుని పది నిమిషాల్లో బిగించాడు. ‘అమ్మగారూ, ఏం కాదు, వెళ్లిరండి’ అని బానెట్ మూశాడు. అమ్మ ఆ తర్వాత ఏడేళ్లు బతికింది. ఆ రాత్రి ఎంతివ్వాలని నేనడగలేదు, ఆయన చెప్పలేదు. మర్నాడు ఇవ్వబోతే కాయిలు డబ్బులే తీసుకున్నాడు. ఆ పదేళ్లలో నేను రూపాయి రూపాయికీ బేరమాడి ఉంటే ఆ ఫోన్ ఎత్తేవాడా అని నన్ను నేనే చాలాసార్లు ప్రశ్నించుకున్నాను.

బేరమాడొద్దన్నానని కళ్లు మూసుకోమనలేదు. సామాను కొనేటప్పుడు ఆయన వెంట మీరూ షాపుకు వెళ్లండి. ఒరిజినల్‌కీ డూప్లికేట్‌కీ తేడా చేత్తో పట్టుకుని చూడండి. తీసిన పాత సామాను ఇంటికి తెచ్చుకోండి, అరుగుదల ఎక్కడుందో అడిగి తెలుసుకోండి. పని జరుగుతున్నంతసేపూ పక్కనే ఉండండి. టీ తెప్పించండి. హెల్పర్ కుర్రాడి చేతిలో వందో యాభయ్యో పెట్టండి, నట్లు చివరగా బిగించేది వాడే. కూలి ఆయన చెప్పినంత ఇవ్వండి. పెద్ద పనైతే సగం ముందే ఇవ్వండి. షెడ్డు అద్దె నెల మొదట్లో కట్టాలి, మీ బిల్లు నెలాఖరున వస్తే ఆయనకేం లాభం?

కిందటేడు ఆయన ఒక మాటన్నాడు. ‘మాస్టారూ, నేనున్నంతవరకూ ఈ బండికి భయం లేదు. ఆ తర్వాత సంగతి చెప్పలేను.’ ఆయన చూపు మందగిస్తోంది. కొడుకు ఈ పనిలోకి రాలేదు. అప్పట్నుంచి నేనే నేర్చుకుంటున్నాను. అరవై ఆరో ఏట కార్బరేటర్ విప్పడం, జెట్లు కడగడం, ఫ్లోటు మట్టం చూడటం, పాయింటు గ్యాపు పెట్టడం. నోటుబుక్కులో బొమ్మలు గీసుకుంటున్నాను, ఏ స్ప్రింగు ఎటు తిరిగి ఉండాలో సహా. మీరు కూడా మీ మెకానిక్ దగ్గర ఒక్క పనైనా నేర్చుకోండి. డబ్బు మిగలడానికి కాదు. నేను చేస్తే ఒక పూట పట్టే పని ఆయన ముప్పావు గంటలో చేస్తాడు. అది చూశాక ఆయన అడిగే కూలి మీకు ఎక్కువనిపించదు.

ఇంకో చచ్చిన బండి కొనండి

ఈ సలహా వినగానే మా ఆవిడ లేచి లోపలికి వెళ్లిపోయింది. అయినా ఇది నా సలహాల్లోకెల్లా పనికొచ్చేదని ఇప్పటికీ నమ్ముతాను.

మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. కొత్త ఉద్గార నిబంధనలు అందుకోలేక హైదరాబాద్‌తో పాటు పెద్ద నగరాల్లో అంతకు నాలుగేళ్ల ముందే, 2010లో, అమ్మకం ఆపేశారు. లక్షల బండ్లు తిరిగాయి గనక అరిగే సామాన్లకు ఇప్పటికీ లోటు లేదు. ప్లగ్గులు, ఫిల్టర్లు, క్లచ్, బ్రేకు షూలు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. ఇంజిన్ సామాన్లు చాలావరకు ఆమ్నీకీ దీనికీ ఒకటే. దొరకనివి వేరే ఉన్నాయి. డోరు హ్యాండిలు లోపలి భాగం, గ్లాసు దించే మిషను, హీటర్ నాబు, డాష్‌బోర్డు, వైపరు మోటారు, డిస్ట్రిబ్యూటరు, వెనక అద్దం రబ్బరు బీడింగు. వీటికోసం విజయవాడ ఆటోనగర్‌లో పాత సామాన్ల కొట్లన్నీ తిరిగేవాణ్ణి. చెన్నై పుదుపేట దాకా ఒకసారి వెళ్లాను. వెళ్లి రావడానికైన ఖర్చు సామాను ఖర్చుకు నాలుగింతలు.

అందుకే 2020లో, మా బండి లాంటిదే, 1999 మోడలు, ఇంజిన్ సీజై రెండేళ్లుగా వానకు నానుతున్నది 18,000కు కొన్నాను. దాని ఆర్‌సీ రద్దు చేయించాను. ఇది మరిచిపోకండి. నడవని బండి పేరు రికార్డుల్లో ఉండిపోతే ఎప్పుడో ఒకప్పుడు తలనొప్పి అవుతుంది. పెరట్లో కొబ్బరిచెట్టు పక్కన ఇటుకల మీద నిలబెట్టాం. ఆరేళ్లలో దాన్నుంచి రెండు డోర్లు, సెల్ఫ్ మోటారు, డిస్ట్రిబ్యూటరు, వైపరు మోటారు, రెండు గ్లాసు మిషన్లు, స్పీడోమీటరు, కార్బరేటర్ పై మూత, ఎన్నో క్లిప్పులూ మరలూ వచ్చాయి. సీజైన ఇంజిన్లోంచి కూడా ఇన్‌టేక్ మానిఫోల్డు పనికొచ్చింది. మా ఆవిడ ఇప్పుడు దాని టాపు మీద ఒరుగులు ఎండబెడుతోంది.

ఒక హద్దు పెట్టుకోండి. చచ్చిన బండి నుంచి బ్రేకు సామాను, స్టీరింగు సామాను, టైర్లు, సీటు బెల్టులు ఎన్నడూ తీసి వేయకండి. ప్రాణం దేని మీద ఆధారపడుతుందో అది కొత్తదే కావాలి, బిల్లుతో కొన్నదే కావాలి. ఇక్కడ ఆదా చేద్దామనిపిస్తే ఆ రోజు బండి తీయకండి.

తుప్పు గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. మాది డెల్టా, కాలవగట్టు తేమ, బాపట్ల వైపు నుంచి ఉప్పుగాలి. ఇంజిన్ పోతే ఇంకో ఇంజిన్ దొరుకుతుంది, అడుగు రేకు తినేస్తే బండే ఉండదు. ఏటా వానాకాలం ముందు మ్యాట్లు ఎత్తి రేకు తట్టి చూడండి, బ్యాటరీ కింద పళ్లెం చూడండి, డోర్ల అడుగున నీళ్లు కారే చిల్లులు పుల్లతో పొడిచి తెరవండి. మెత్తబడ్డ చోట కోయించి కొత్త రేకు అతికించండి. పైన పుట్టీ పెట్టి రంగేస్తే సరిపోతుందనే టింకరింగు మేస్త్రి దగ్గర్నుంచి బండి వెనక్కి తెచ్చేసుకోండి.

రిజిస్ట్రేషన్ ఫీజు చూసి వెనకాడకండి

పదిహేనేళ్లకు రిజిస్ట్రేషన్ తీరుతుంది, ఆపైన ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. 2012లో, 2017లో వందల్లో తేలిపోయింది. 2022 ఏప్రిల్ నుంచి కారుకు 600 ఉన్న ఫీజు 5,000 అయింది. నేను ఆ ఆగస్టులోనే కట్టాను. 2025లో ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 10,000 చేశారు. పైన గ్రీన్ ట్యాక్సు. ఆలస్యమైతే నెలనెలా అదనం. వచ్చే ఏడాది ఆగస్టుకు నేను కట్టాల్సింది బండి ధరలో మూడో వంతని మా అబ్బాయి గుర్తు చేశాడు. మళ్లీ ఆ ధర.

కట్టండి. ఢిల్లీలో డీజిలు బండికి పదేళ్లు, పెట్రోలు బండికి పదిహేనేళ్లు అని గీత గీశాక ఎంత బాగా చూసుకున్న బండైనా యజమాని వదులుకోవాల్సి వచ్చింది. మన దగ్గర వయసు చూసి కాదు, బండి చూసి రాస్తున్నారు. బ్రేకు ఇన్‌స్పెక్టర్ బండి చుట్టూ తిరిగి, లైట్లు వేయించి, హారన్ కొట్టించి, బ్రేకు పట్టించి చూస్తాడు. 2022లో వచ్చినాయన బానెట్ ఎత్తి కాసేపు అలాగే నిలబడ్డాడు. ‘మా నాన్నగారిది ఇదే బండి సార్’ అన్నాడు. ఆ సంతకానికి 5,000 ఎక్కువని నాకు ఇప్పటికీ అనిపించదు. తుక్కు కింద ఇచ్చేస్తే కొత్త బండి రోడ్డు ట్యాక్సులో 25 శాతం దాకా రాయితీ ఇచ్చే పథకం ఉంది. మంచి పథకమే. రోడ్డు పక్కన ఆగిపోయి, ఎవరూ పట్టించుకోని బండ్లకు అది కావాలి. నడుస్తున్న బండికి వద్దు.

పొల్యూషన్ సర్టిఫికెట్ మాత్రం కాగితం కోసం తీసుకోకండి. పాత కార్బరేటర్ బండి కొత్త బండి కన్నా ఎక్కువ పొగే వదులుతుంది, ఆ మాట కాదనలేం. అందుకే మిక్చరు సరిచేయించి, ఎయిర్ ఫిల్టరు మార్చి, పొగగొట్టం దగ్గర గుడ్డ పట్టి చూసుకుని అప్పుడు పరీక్షకు తీసుకెళ్లండి. అంకె ఎక్కువొస్తే మళ్లీ షెడ్డుకు. ‘సర్దేస్తాం సార్’ అనేవాడి దగ్గరికి పోవద్దు. బండిని ప్రేమిస్తున్నానని చెప్పి పక్కవాడి ఊపిరితిత్తుల్లోకి పొగ వదిలే హక్కు నాకు లేదు.

ఇంతవరకూ చెప్పినవాటన్నిటికీ నా దగ్గర జవాబులున్నాయి. లేనిది ఒక్కటే. మా అమ్మాయి తన మూడేళ్ల కూతుర్ని ఈ బండి ఎక్కనివ్వదు. ఎయిర్‌బ్యాగు లేదు, ఏబీఎస్ లేదు, ఆరొందల యాభై కిలోల రేకు బండి. వెనక సీటుకు బెల్టులు వేయించాను. అరవై దాటి నడపను. రాత్రిపూట హైవే ఎక్కను. ఇవన్నీ చెప్పాను. ‘నాన్నా, నువ్వు మెల్లగా నడిపితే సరిపోదు, ఎదుటివాడు కూడా మెల్లగా రావాలి కదా’ అంది. ఎంత ఖర్చు పెట్టినా బాగుచేయించలేని లోపం అదొక్కటే. అందుకని వాళ్లొచ్చినప్పుడు రైల్వేస్టేషన్‌కు ఆటో పంపుతాను. మనవరాలు మాత్రం గేటు దగ్గర ఆగి ఉన్న బండిలో స్టీరింగు పట్టుకుని కూర్చుంటుంది. హారన్ కొడుతుంది. ఆ హారన్ మొన్న పోతే, ముందు అదే బాగుచేయించాను.

ఈ ఆదివారం లోయర్ ఆర్మ్ బుష్‌లు మార్చాలి. గతుకుల్లో ముందు ఎడమవైపు డబడబ వినిపిస్తోంది. శనివారం సాయంత్రమే సామాను తెచ్చిపెట్టుకున్నాను. ఏడింటికల్లా షెడ్డు దగ్గరుండాలి. ఎండ ఎక్కితే ఆయన కళ్లకు కష్టం.